టెస్టు పాసైన ఇంజిన్

థర్మోడైనమిక్స్ పేపర్లో డీజిల్ సైకిల్ ఎఫిషియెన్సీ రాబట్టమంటే మనలో చాలామందిమి కళ్లు మూసుకుని చేసేస్తాం. పీ-వీ డయాగ్రం గీసి, కటాఫ్ రేషియో రాసి, చివర్లో గామా పవర్లు ఒకసారి సరిచూసుకుంటే మార్కులు పడిపోతాయి. ఆ పేరు ఒక మనిషి ఇంటిపేరని కూడా తెలుసు. బంకులో కొట్టించే నూనెకీ, బోరు దగ్గర డుగుడుగుమనే ఇంజిన్‌కీ ఆయన పేరే. తమాషా ఏమిటంటే, మనం గీసే ఆ బొమ్మలో వేడి చేరేది స్థిర పీడనం దగ్గర. ఆయన మొదట పేటెంటు తీసుకున్నది దానికి కాదు. ఆ సంగతి కాసేపట్లో చెప్తా.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు బవేరియా మూలాలున్న జర్మన్లు. తండ్రిది పుస్తకాల బైండింగు, తోలు సామాను పని. 1870లో ఫ్రాన్సుకీ జర్మన్లకీ యుద్ధం రావడంతో పారిస్‌లో ఉన్న జర్మన్లంతా ఊరొదిలి పోవాల్సి వచ్చింది. వీళ్ల కుటుంబం లండన్ చేరింది. అక్కడ బతుకు కష్టమై, పన్నెండేళ్ల పిల్లాడిని ఒంటరిగా ఆగ్స్‌బర్గ్‌లో లెక్కల మాస్టారైన బంధువు ఇంటికి పంపించేశారు. పద్నాలుగేళ్లకే ఇంజినీరునవుతానని ఇంటికి ఉత్తరం రాశాడు. మన దగ్గరైతే ఆ ఉత్తరం నాన్న రాసి కొడుకు చేత సంతకం పెట్టిస్తాడు, అది వేరే విషయం.

స్కాలర్‌షిప్ మీద మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరాడు. అక్కడ పాఠం చెప్పినాయన కార్ల్ లిండె, ఐసు మిషన్లు కనిపెట్టిన ఘనుడు. ఆవిరి యంత్రం తాను తిన్న బొగ్గు వేడిలో పదో వంతు కూడా పనిగా మార్చదని ఆయన ఒక క్లాసులో చెప్పాడు. కార్నో సైకిల్ చూస్తే ఇంకెంతో సాధ్యం. ఈ తేడా డీజిల్‌ని పట్టుకుని వదల్లేదు. నోట్సు అంచున తనకోసం ఒక గుర్తు రాసుకున్నాడు: వేడి చేరేటప్పుడు ఉష్ణోగ్రత పెరగకుండా నడిచే యంత్రం కట్టలేమా అని. 1879లో టైఫాయిడ్ వచ్చి ఫైనల్ పరీక్ష పోయింది. 1880 జనవరిలో రాసి కాలేజీ రికార్డు మార్కులతో బయటికొచ్చాడు.

తర్వాత పదేళ్లు పారిస్‌లో లిండె కంపెనీ ఐసు యంత్రాల ఉద్యోగం. 1883లో మార్తాతో పెళ్లి, ముగ్గురు పిల్లలు. ఖాళీ దొరికితే అమ్మోనియా ఆవిరితో నడిచే ఇంజిన్ మీద ప్రయోగాలు. అది తేలలేదు. తేలకపోయినా అధిక పీడనాలతో చెయ్యి తిరిగింది. 1890లో బెర్లిన్ మారాడు, 1892 ఫిబ్రవరిలో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. గాలిని విపరీతంగా నొక్కితే దానంతటదే కాగుతుంది. అందులోకి ఇంధనం కొద్దికొద్దిగా వదిలితే నిప్పురవ్వ అక్కర్లేకుండా మండుతుంది. ఇంతవరకూ మనకు తెలిసిందే. కానీ ఆయన కాగితం మీద అడిగింది మంట సాగినంతసేపూ ఉష్ణోగ్రత మారకుండా ఉండాలని, అంటే ఐసోథర్మల్ మంట. పీడనం 250 అట్మాస్ఫియర్ల దాకా పోవాలన్నాడు. ఆ రోజుల్లో ఆ ఒత్తిడికి తట్టుకునే సిలిండరు ఎవరు పోతపోస్తారు? ఒకవేళ పోసినా, వచ్చే పనంతా గాలిని నొక్కడానికీ రాపిడికే సరిపోతుంది. ఇది ఆయనకీ త్వరగానే అర్థమైంది. మెల్లగా మంటని స్థిర పీడనం వైపు జరిపి, 1893 చివర్లో రెండో పేటెంటు దరఖాస్తు పెట్టాడు. మన సిలబస్‌లో ఉన్న సైకిల్ ఆ రాజీలోంచి వచ్చిందే. మొదటి పేటెంటు రాసిన యంత్రం వేరు, నడిచిన యంత్రం వేరు అని శత్రువులు చచ్చేదాకా దెప్పారు.

ఆగ్స్‌బర్గ్ యంత్రాల ఫ్యాక్టరీ అధిపతి హైన్రిష్ బుట్స్ ఒక షెడ్డూ, మనుషుల్నీ ఇచ్చాడు. క్రుప్ కంపెనీ ఏడాదికి 30 వేల మార్కులు ఇచ్చింది. 1893 ఆగస్టు 10న మొదటి ప్రయోగం. ఇంజిన్‌ని బయటి బెల్టుతో తిప్పి ఇంధనం వదిలారు. మండింది. పీడనం 80 అట్మాస్ఫియర్ల దాకా ఎగిరి, కొలిచే ఇండికేటరు పేలి ముక్కలు పైకి లేచాయి. మనుషులకు దెబ్బ తగల్లేదు. సొంతంగా నడవకపోయినా, నొక్కిన గాలిలో ఇంధనం అంటుకుంటుందని రుజువైంది. 1894 ఫిబ్రవరి 17న నిమిషం పాటు తన శక్తితో తానే తిరిగింది, నిమిషానికి 88 చుట్లు. ఇంజిన్‌ని లాగుతున్న బెల్టు ఒక్కసారిగా ఇంజినే లాగుతున్నట్టు బిగుసుకోవడం ఒక పనివాడు కనిపెట్టి మాట్లాడకుండా టోపీ తీశాడని చెప్పుకుంటారు. మన ప్రాజెక్ట్ ఎక్స్‌పోలో అయితే ఆ ఒక్క నిమిషానికే రీలు పెట్టి ఫస్ట్ ప్రైజు తీసుకునేవాళ్లం. వాళ్లకి మాత్రం ఇంకో మూడేళ్లు పట్టింది.

సరిగ్గా మూడేళ్లకి, 1897 ఫిబ్రవరి 17న, మ్యూనిక్ ప్రొఫెసర్ మొరిట్స్ ష్రోటర్ వచ్చి అధికారికంగా కొలిచాడు. సిలిండరు బోరు 250 మిల్లీమీటర్లు, స్ట్రోకు 400. నిమిషానికి 154 చుట్లు, సుమారు 18 హార్స్‌పవర్, ఎఫిషియెన్సీ 26.2 శాతం. ప్రపంచంలో అప్పటికి ఏ హీట్ ఇంజినూ ఆ అంకె చూడలేదు. జూన్‌లో కాసెల్‌లో జర్మన్ ఇంజినీర్ల సంఘం సభలో ష్రోటరూ డీజిలూ ఇద్దరూ మాట్లాడారు. ఈ యంత్రం ఇక అమ్మకానికి సిద్ధమని ష్రోటర్ అక్కడే చెప్పాడు.

డీజిల్ జీవితం విరిగింది ఆ మాట దగ్గరే అని నా అభిప్రాయం. ఇండికేటరు పేలిన రోజు కాదు, సముద్రంలో పోయిన రాత్రి కూడా కాదు.

ఎందుకంటున్నానో చెప్పాలంటే మా ఊరి సంగతి కొంచెం రావాలి. మాది రొంపిచెర్ల. చిత్తూరు వైపు రొంపిచెర్ల కాదు, నరసరావుపేట దగ్గరిది. మిరప కోతలు మొదలైతే మా ఊళ్లో పికప్ బండి ఉన్నవాడికి నిద్ర ఉండదు. కల్లంలో ఎండిన కాయ టిక్కీల్లో తొక్కి, పొద్దుగూకేటప్పటికి లోడెత్తి, తెల్లారేలోపు గుంటూరు యార్డులో దించాలి. మా బాబాయి ఫైనాన్సులో ఒక బండి తీసుకున్నాడు. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. రెండో సీజన్‌కే ఇంజిన్ లైటు వెలగడం, లోడు మీద ఉన్నప్పుడు బండి ఉన్నట్టుండి బలం చచ్చి పాక్కుంటూ పోవడం మొదలైంది. సర్వీస్ సెంటర్ వాళ్లు మొదటిసారి పొగ గొట్టంలో ఫిల్టరు జామ్ అన్నారు. రెండోసారి ఇంజెక్టర్లు పోయాయన్నారు. పొలాల మధ్య చిన్న చిన్న ట్రిప్పులు తిప్పుతున్నారు కాబట్టి నడిపే పద్ధతి తప్పన్నారు. డీజిల్లో కల్తీ ఉండొచ్చన్నారు. లోపం బండిది కావచ్చు అని మాత్రం ఎవరి నోటా రాలేదు. బండి షెడ్డులో ఉన్న నెల కూడా కిస్తీ తేదీ మారదు కదా. ఆ నెల మిరప వేరేవాళ్ల బండిలో వెళ్లింది, ఆ కిరాయి కూడా వేరేవాళ్లకే పోయింది.

వాళ్లు చెప్పింది పూర్తిగా అబద్ధం కూడా కాదు, చిక్కంతా అక్కడే ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బీఎస్-6 వచ్చింది. పొగలో మసిని పట్టడానికి డీజిల్ బండ్లకి డీపీఎఫ్ అనే ఫిల్టరు పెట్టారు. పట్టిన మసి కాలిపోవాలంటే ఆ ఫిల్టరు దాదాపు 600 డిగ్రీల దాకా కాగాలి. హైవే మీద గంటసేపు ఒకే ఊపులో పోయే బండికి అది సులువు. కల్లం నుంచి కల్లానికి రెండు కిలోమీటర్లు పోయి, లోడు ఎక్కేదాకా ఇంజిన్ ఊరికే తిరిగే బండికి కాదు. కామన్ రైల్ ఇంజెక్టరు 1,600 బార్‌కి పైన పీడనంతో, వెంట్రుకంత సన్నని రంధ్రాల్లోంచి నూనె చిమ్ముతుంది. ఒక చుక్క నీళ్లు, చిటికెడు దుమ్ము చాలు దాన్ని పాడుచెయ్యడానికి. సరే, ఒప్పుకుందాం. కానీ పల్నాడులో దుమ్ము ఉంటుందనీ, పికప్ బండి పొలాల్లో తిరుగుతుందనీ బండి అమ్మేవాడికి ముందు తెలియదా?

తయారీలోనే తప్పులు జరిగిన కేసులు బయటా చాలా ఉన్నాయి. 2024లో టొయోటా అమెరికాలో టండ్రా పికప్‌లతో కలిపి లక్షకు పైగా బండ్లని వెనక్కి పిలిచింది. ఇంజిన్ తయారు చేసేటప్పుడు లోపల మిగిలిపోయిన లోహపు చెత్త మెయిన్ బేరింగుల్ని తినేస్తోందని తేలింది. 2025 ఏప్రిల్‌లో జనరల్ మోటార్స్ 6.2 లీటర్ల వీ8 ఇంజిన్ ఉన్న దాదాపు ఆరు లక్షల పికప్‌లనీ ఎస్‌యూవీలనీ రీకాల్ చేసింది. అక్కడ క్రాంక్‌షాఫ్టు, కనెక్టింగ్ రాడ్లలో లోపం. ఈ రెండూ పెట్రోలు ఇంజిన్లే, అయినా కథ ఒకటే: టెస్టు బెంచీ మీద పాసైనవి రోడ్డు మీద ఫెయిలయ్యాయి. మన దగ్గర కూడా 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, లోపమున్న బండ్లని వెనక్కి తీసుకోమని కేంద్రం ఆదేశించే వీలు కల్పించారు. ఆ సంగతి మా బాబాయికి సర్వీస్ సెంటర్లో ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను.

మళ్లీ 1898కి వద్దాం. లోపం యంత్రానిదా, వాడేవాడిదా అనే ఈ తగువు డీజిల్ ఇంజిన్ పుట్టుకతోనే ఉంది.

మొదటగా అమ్ముడుపోయిన పెద్ద ఇంజిన్ 60 హార్స్‌పవర్‌ది, రెండు సిలిండర్లు. కొన్నది కెంప్టెన్ ఊళ్లో ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ. నిప్పురవ్వ లేకుండా నడిచే ఇంజిన్‌కి తొలి గిరాకీ అగ్గిపుల్లల కంపెనీ! 1898లో బిగించారు. షెడ్డులో ఇంజినీర్ల కళ్లముందు బుద్ధిగా నడిచిన యంత్రం అక్కడ మాటిమాటికీ మొరాయించింది. దానికి తగిన కారణాలున్నాయి. ఆ రోజుల్లో నూనెని నేరుగా చిమ్మే పంపు లేదు. ఒక ఎయిర్ కంప్రెసరు పెట్టి, చిక్కగా నొక్కిన గాలితో నూనెని సిలిండర్లోకి ఊదేవారు. ఆ కంప్రెసరే పెద్ద తలనొప్పి. నాజిల్‌లో నూనె సరిగా చిమ్మకపోతే మసి, పొగ. పిస్టన్లు పట్టేసేవి, సీళ్లు కారేవి. ప్రయోగశాలలో అయితే పక్కనే అనుభవమున్న మేస్త్రీ ఉంటాడు, శబ్దం మారగానే వాల్వు కొంచెం తిప్పుతాడు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఉండేది నిన్నటిదాకా ఆవిరి బాయిలర్‌కి బొగ్గు వేసిన మనిషి.

ఈలోపు లైసెన్సులు మాత్రం వేడి పకోడీల్లా అమ్ముడుపోయాయి. అమెరికా హక్కులు బీరు వ్యాపారి అడాల్ఫస్ బుష్ పది లక్షల మార్కులకి కొన్నాడు. 1898లో డీజిల్ తన హక్కులన్నిటినీ ఒక కొత్త కంపెనీకి 35 లక్షల మార్కులకి ఇచ్చాడు, అందులో ఎక్కువ భాగం షేర్ల రూపంలో. అదే ఏడాది ఆగ్స్‌బర్గ్‌లో డీజిల్ ఇంజిన్లకే ప్రత్యేకంగా ఇంకో ఫ్యాక్టరీ పెట్టారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే అధ్యాయం ఇదే. డిజైను ఇంకా కుదురుకోలేదు, పనివాళ్లకి ఇంత సన్నటి పని కొత్త. అయినా తయారుచేసి అమ్మారు. అమ్మిన ఇంజిన్లు పనిచెయ్యక వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కొద్దికాలానికే తయారీ ఆగిపోయింది. పేరుకి మిగిలిన ఆ కంపెనీని 1911లో పూర్తిగా ఎత్తేశారు. బయట లైసెన్సు కొన్న కంపెనీల్లోనూ చాలావరకు ఇదే గోల. డీజిల్ ఇంజిన్ అంటే ఒక మోసం అనే మాట పుట్టింది.

మోసమా? నేను అలా అనుకోను. 26.2 శాతం నిజం, ష్రోటర్ కొలతలు నిజం. కానీ ఒక యంత్రం ఒకసారి నడవడం వేరు, ఎవరి చేతిలోనైనా రోజూ నడవడం వేరు. మొదటిది తేలాక తన పని అయిపోయిందనీ, మిగిలింది ఫ్యాక్టరీల వంతనీ డీజిల్ నమ్మాడు. ఫ్యాక్టరీలు మాత్రం తాము కొన్నది పూర్తయిన యంత్రమని నమ్మాయి. మధ్యలో ఉన్న గుంట ఎవరిదీ కాకుండా పోయింది. పెద్ద ప్రొఫెసరు సర్టిఫికెట్టు ఇచ్చాడు కాబట్టి ఆ గుంట ఉందని ఒప్పుకోవడానికి కూడా ఎవరికీ నోరు రాలేదు.

ఆ ఒత్తిడికి ఆయన ఒళ్లు తట్టుకోలేదు. ఒకవైపు పేటెంటు దావాలు, ఇంకోవైపు మొరాయించే ఇంజిన్లు, ఆగని తలనొప్పులు. నలభై ఏళ్ల వయసులో, లక్షాధికారి అయిన ఆ ఏడాదే, 1898 శరదృతువులో నరాల జబ్బుతో మ్యూనిక్ దగ్గర ఆరోగ్యాలయంలో చేరాడు. కోలుకున్నాక మ్యూనిక్‌లో భవంతి కట్టాడు. భూముల మీదా నూనె బావుల మీదా డబ్బు పెట్టి పోగొట్టుకున్నాడు. ఇంజిన్‌లో ఒక్కో కిలో నూనె లెక్క చూసిన మనిషి సొంత డబ్బు దగ్గర అలా ఎందుకున్నాడో నాకు అర్థం కాదు.

ఇంజిన్ని బాగుచేసినవాళ్లు వేరే. ఆగ్స్‌బర్గ్ పాత ఫ్యాక్టరీలో బుట్స్ వదిలిపెట్టలేదు. ఇమానుయేల్ లౌస్టర్ అనే ఇంజినీరు, ఆయనతోపాటు పేర్లు ఎక్కడా కనపడని మేస్త్రీలు, విరిగిన ప్రతి భాగాన్నీ తిరగేసి చూసి మళ్లీ గీశారు. నాలుగైదేళ్ల ఓపిక అది. 1904లో కీవ్ నగరం ట్రాములకి కరెంటు ఇవ్వడానికి ఒక్కోటి 400 హార్స్‌పవర్‌వి నాలుగు ఇంజిన్లు పెట్టారు, అవి నిలబడ్డాయి. తర్వాత ఓడలూ సబ్‌మెరైన్లూ వచ్చాయి.

వేరుశనగ పండించే జిల్లావాళ్లం కాబట్టి ఇంకో ముక్క. 1900 పారిస్ ఎగ్జిబిషన్‌లో ఒక చిన్న డీజిల్ ఇంజిన్ వేరుశనగ నూనెతో నడిచింది. డీజిలే ఈ ఆలోచన చేశాడని చాలాచోట్ల రాస్తారు. నిజానికి నడిపింది ఒటో కంపెనీ, అడిగింది ఫ్రెంచి ప్రభుత్వం. తమ వలసల్లో విరివిగా పండే గింజతో యంత్రాలు నడుస్తాయా అని వాళ్ల ఆరా. ఇంజిన్‌లో ఏ మార్పూ చెయ్యలేదు, చూసినవాళ్లలో చాలామందికి తేడాయే తెలియలేదు. డీజిల్ తర్వాత తానూ ఆ ప్రయోగాలు చేసి, ఇలాంటి నూనెలకి రేపు పెట్రోలియమంత ప్రాధాన్యం రావచ్చన్నాడు. ఆ ఇంజిన్ ఏ నూనె పోసినా తాగేది. ఇప్పటి కామన్ రైల్ బండిలో అదే నూనె పోస్తే ఇంజెక్టర్లు, వాటితోపాటు వారంటీ, రెండూ పోతాయి.

1912లో బెర్లిన్‌లో ఓడల ఇంజినీర్ల సభలో తన ఇంజిన్ ఎలా పుట్టిందో చెప్పుకున్నాడు. ప్రొఫెసర్లు లేచి, పేటెంటులో రాసిందొకటి చేసిందొకటి అంటూ నిండు సభలో ఉతికేశారు. మరుసటి ఏడాది అదే విషయం పుస్తకంగా వేశాడు. ఆలోచన రావడం, దాన్ని యంత్రంగా నడపడం, జనంలోకి తీసుకెళ్లడం అని ఆవిష్కరణకి మూడు దశలుంటాయనీ, మూడోదే మనిషిని నలిపేస్తుందనీ అందులో చెప్పుకున్నాడు. ఆ దశలో జరిగిన అవమానాలకి ఎక్కువగా ఎదుటివాళ్ల అసూయనీ తెలివితక్కువతనాన్నీ కారణంగా చూశాడు. కెంప్టెన్ వాళ్లని అడిగితే వేరే కారణం చెప్పేవారేమో.

1913 సెప్టెంబరు 29 సాయంత్రం ఆంట్‌వెర్ప్‌లో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు. ఇంగ్లండులో ఒక కొత్త డీజిల్ ఇంజిన్ల ఫ్యాక్టరీ పని మీద ప్రయాణం. వెంట ఇద్దరు మిత్రులు. రాత్రి భోంచేశాడు, పది గంటలప్పుడు పొద్దున్నే ఆరుంపావుకి లేపమని చెప్పి కేబిన్‌కి వెళ్లాడు. తెల్లారి పక్క నలగలేదు. డెక్కు రెయిలింగు దగ్గర ఆయన టోపీ, కోటు దొరికాయి. డైరీలో ఆ తేదీ దగ్గర చిన్న శిలువ గుర్తు ఉంది. పది రోజులకి ఒక డచ్ పడవవాళ్లకి సముద్రంలో శవం కనపడింది. జేబులో ఉన్న కళ్లజోడు పెట్టె, కత్తి, మందుల డబ్బీ లాంటివి తీసుకుని శవాన్ని మళ్లీ నీళ్లకే వదిలేశారు. కొడుకు ఆయ్‌గెన్ వచ్చి ఆ వస్తువులు నాన్నవేనని గుర్తుపట్టాడు. బయల్దేరేముందు భార్యకిచ్చి వారం దాకా తెరవొద్దన్న సంచిలో 20 వేల మార్కుల నోట్లూ, ఖాతాలు ఖాళీ అని చెప్పే బ్యాంకు కాగితాలూ ఉన్నాయి. హత్య అనీ, గూఢచారుల పని అనీ కథలు ఇప్పటికీ యూట్యూబ్‌లో దొరుకుతాయి. ఆ సంచి గురించి తెలిశాక నాకు ఆ కథల మీద ఆసక్తి పోయింది.

సరుకు మోసే డీజిల్ లారీలు రోడ్డు మీదికి రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది. అడ్డం ఆ ఎయిర్ కంప్రెసరే. అంత బరువుని లారీలో పెట్టడానికి చోటేది? 1893 ఆగస్టులో, ఇండికేటరు పేలిన ఆ మొదటి ప్రయోగంలో, డీజిల్ నూనెని గాలి సాయం లేకుండా నేరుగా సిలిండర్లోకి చిమ్మాలనే చూశాడు. అంత కచ్చితంగా కొలిచి చిమ్మే పంపు ఆ రోజు ఎవరూ చెయ్యలేకపోయారు కాబట్టి కంప్రెసరు దారి పట్టాడు. ఆ పంపుని రాబర్ట్ బోష్ కంపెనీ 1927లో వరసగా తయారుచెయ్యడం మొదలుపెట్టింది.